అద్దాల బీరువాలోని బొమ్మలు: ఖర్చు గురించి ఒక పాఠం



ఏటా ఈ సంచికలో నేను చదువుల గురించో, పిల్లల పెంపకం గురించో రాస్తుంటాను. ఈసారి బొమ్మల గురించి రాస్తున్నాను. పిల్లలు ఆడుకునే బొమ్మల గురించి కాదు. ఉద్యోగాలు చేసుకుంటూ, సొంత సంపాదన ఉన్న పెద్దవాళ్లు కొని దాచుకునే బొమ్మల గురించి. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. కానీ మన డబ్బు ఎటు పోతున్నదో తెలుసుకోవడానికి ఒక్కోసారి చిన్న విషయమే మంచి పాఠమవుతుంది.

ఈ ఆలోచన నాకు మా ఇంట్లోనే మొదలైంది. నిరుడు రమజాన్‌కు ముందు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి గదికి వెళ్లాను. ఒక గోడ నిండా అరచేతిలో ఇమిడే చిన్న చిన్న కార్లు. ఒక్కదానికీ ప్యాకెట్టు విప్పలేదు. బల్ల మీద పెద్ద పళ్లు, కుందేలు చెవులు ఉన్న ఒక బొమ్మ. ధర అడిగాను. వాడు కాస్త తటపటాయించి చెప్పాడు. ఆ రోజు నా సంచిలో ఫీజు సాయం కోరుతూ వచ్చిన పదకొండు దరఖాస్తులు ఉన్నాయి. వాటిలో ముగ్గురికి ఈ ఏడాది డబ్బు చాలదని చెప్పవలసి ఉంది. నాకు కోపం ఆగలేదు. నాలుగు మాటలు గట్టిగానే అన్నాను.

వాడు ఎదురు చెప్పలేదు. చివరికి మెల్లగా ఒక్కటే అడిగాడు: "అమ్మీ, మన హాల్లో షోకేసులో ఎన్ని టీ సెట్లు ఉన్నాయి? వాటిలో మనం ఎప్పుడైనా టీ తాగామా?"

ఇంటికొచ్చి లెక్కపెట్టాను. నాలుగు టీ సెట్లు, రెండు డిన్నర్ సెట్లు. ఒకటి ఇరవై నాలుగేళ్ల నాటిది, ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. కాబట్టి ఈ పాఠం నేను మొదట నాకే చెప్పుకుంటున్నాను. ఆ తర్వాతే మీకు.

బొమ్మ పెద్దల చేతికి ఎలా వచ్చింది

పెద్దలు బొమ్మలు కొనడం కొత్త కాదు గానీ, ఇప్పుడది పెద్ద వ్యాపారం. హాట్ వీల్స్ కార్లను అమెరికా కంపెనీ మట్టెల్ 1968లో మార్కెట్లోకి తెచ్చింది. 1995 నుంచి ఏటా కొన్ని కార్లను తక్కువ సంఖ్యలో తయారుచేసి 'ట్రెజర్ హంట్' అనే పేరుతో మామూలు కార్ల మధ్యనే పంపుతున్నది. దుకాణం తెరవకముందే వెళ్లి నిలబడి వాటిని వెతికేవారిలో పిల్లలకంటే పెద్దలే ఎక్కువ. డెన్మార్క్‌కు చెందిన లెగో కంపెనీ 2020 నుంచి కొన్ని పెట్టెల మీద '18+' అని ముద్రిస్తున్నది. అంటే అవి పెద్దల కోసమేనని కంపెనీయే చెబుతున్నది. 2024 మొదటి మూడు నెలల్లో అమెరికాలో బొమ్మల కొనుగోళ్లలో బడికి వెళ్లని చిన్నపిల్లల విభాగాన్ని పెద్దలు తమ కోసం కొనుక్కునే విభాగం దాటిపోయింది.

మా అబ్బాయి బల్ల మీద ఉన్నది లబూబు. హాంకాంగ్‌లో పుట్టి నెదర్లాండ్స్‌లో పెరిగిన కాసింగ్ లుంగ్ అనే చిత్రకారుడు 2015లో తన బొమ్మల కథల కోసం సృష్టించిన పాత్ర అది. 2019 నుంచి చైనా కంపెనీ పాప్ మార్ట్ దాన్ని బొమ్మగా అమ్ముతున్నది. ఒక ప్రసిద్ధ గాయని తన సంచికి దాన్ని తగిలించుకుని కనిపించడంతో 2024లో గిరాకీ పెరిగింది. 2025 జూన్‌లో బీజింగ్‌లో జరిగిన వేలంలో మనిషంత ఎత్తున్న ఒక లబూబు 10 లక్షల 80 వేల యువాన్లకు అమ్ముడుపోయింది. మన డబ్బులో కోటి రూపాయలకు పైమాటే.

వినోదం తప్పు కాదు

ముందుగా ఒక మాట స్పష్టం చేసుకుందాం. ఇస్లాం ఆటపాటలకు, ముచ్చట్లకు శత్రువు కాదు. హజ్రత్ ఆయిషా (రజి) బొమ్మలతో ఆడుకునేవారనీ, దైవప్రవక్త (సఅసం) ఇంట్లోకి రాగానే తోటి బాలికలు సిగ్గుపడి దాక్కుంటే, ఆయనే వాళ్లను ఆమె దగ్గరకు పంపేవారనీ బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో ఉంది. ఆమె దగ్గర గుడ్డతో చేసిన రెక్కల గుర్రం ఉండేది. గుర్రానికి రెక్కలేమిటని దైవప్రవక్త (సఅసం) అడిగితే, సులైమాన్ (అలైహి) గుర్రాలకు రెక్కలుండేవని మీరు వినలేదా అని ఆమె అన్నారు. ఆయన మనసారా నవ్వారు. ఇది అబూదావూద్‌లో ఉంది. ఆషూరా నాడు చిన్నపిల్లలు ఉపవాసంతో ఆకలని ఏడిస్తే, తల్లులు ఉన్నితో చేసిన బొమ్మలిచ్చి ఇఫ్తార్ దాకా మరిపించేవారని రుబయ్యి (రజి) ఉల్లేఖించారు.

దివ్యఖుర్ఆన్ అల్ అఅరాఫ్ సూరా 31, 32 ఆయతుల్లో రెండు విషయాలు పక్కపక్కనే ఉన్నాయి. మితిమీరవద్దని ఒక హెచ్చరిక. అల్లాహ్ తన దాసుల కోసం సృష్టించిన అలంకారాన్ని, శుభ్రమైన వస్తువులను నిషేధించడానికి మీరెవరని ఒక ప్రశ్న. మొదటిది కొనేవాడికి, రెండోది నాలా ఇతరులను తప్పుపట్టే తొందర ఉన్నవారికి. కాబట్టి 'బొమ్మ కొన్నాడు, పాపం చేశాడు' అనే తీర్పు మనం ఇవ్వలేం. ఎలా కొన్నాడు, ఎంతలో కొన్నాడు, ఎందుకు కొన్నాడు అనే మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

మూసిన డబ్బా: ఒక లెక్క

మొదటి ప్రశ్న, ఎలా కొన్నాడు. లబూబు లాంటి బొమ్మలు ఎక్కువగా మూసిన డబ్బాలో వస్తాయి. దీన్ని 'బ్లైండ్ బాక్స్' అంటారు. ఒక వరుసలో ఆరు రకాలున్నాయనుకోండి. డబ్బులు కట్టి డబ్బా విప్పేదాకా లోపల ఏ రకం ఉందో కొన్నవాడికి తెలియదు. ఇవికాక 'సీక్రెట్' అనే అరుదైన రకం ఒకటి ఉంటుంది. కొన్ని వరుసల్లో అది 72 డబ్బాలకు ఒకటి చొప్పున వస్తుందని కంపెనీయే ప్రకటిస్తుంది.

నేను లెక్కల టీచరును. కనుక ఒక చిన్న లెక్క చేద్దాం. ఆరు రకాలకూ సమాన అవకాశం ఉండి, విడివిడిగా డబ్బాలు కొంటూ పోతే, ఆరూ పూర్తవడానికి సగటున ఎన్ని కొనాలి? చాలామంది ఆరో, ఎనిమిదో అంటారు. సరైన జవాబు 14.7, అంటే దాదాపు పదిహేను. మొదటి రకం మొదటి డబ్బాతోనే వస్తుంది. చివరిదైన ఒక్క రకం కోసమే సగటున ఆరు డబ్బాలు కొనవలసి వస్తుంది. ఆ పదిహేనులో తొమ్మిది దాకా వచ్చినవే మళ్లీ వస్తాయి.

సీక్రెట్ సంగతి ఇంకా తమాషా. ప్రతి డబ్బాకూ 72లో ఒక వంతు అవకాశమే ఉంటే, విడివిడిగా 72 డబ్బాలు కొన్న తర్వాత కూడా అది దొరకని అవకాశం సుమారు 37 శాతం. వందమంది అలా కొంటే 37 మంది ఉత్త చేతులతోనే మిగులుతారు.

ఇప్పుడు ధర్మం సంగతి చూద్దాం. అమ్మే వస్తువేమిటో తేలని వ్యాపారాన్ని 'గరర్' అంటారు. గరర్‌తో కూడిన అమ్మకాన్ని దైవప్రవక్త (సఅసం) వారించారని ముస్లిం గ్రంథంలో అబూహురైరా (రజి) ఉల్లేఖనం ఉంది. అల్ మాయిదా సూరా 90వ ఆయతు జూదాన్ని, అంటే 'మైసిర్'ను నిషేధించింది. డబ్బా కొన్నవాడికి ఏదో ఒక బొమ్మ దొరుకుతుంది కదా, ఇది జూదమెలా అవుతుందని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. లోపలున్న ఏ రకమైనా కట్టిన ధరకు తగినదై, కొన్నవాడు దేనికైనా సమ్మతిస్తే తేడా స్వల్పమని కొందరు అంటారు. కానీ కొన్నవాడి ఉద్దేశం అరుదైనది తగలడమే అయి, మిగతావి వాడి దృష్టిలో వృథా అయినప్పుడు అది జూదం దారిలోనిదేనని, ఆ అనిశ్చితి గరర్ కిందకే వస్తుందని మరికొందరు ఉలమాలు హెచ్చరిస్తారు. నా దృష్టిలో కొనేవాడు తనను తాను వేసుకోవలసిన పరీక్ష ఒకటే. డబ్బా విప్పుతున్నప్పుడు మన గుండె బొమ్మ కోసం కొట్టుకుంటున్నదా, అదృష్టం కోసం కొట్టుకుంటున్నదా?

ఇది మతం చెప్పిన మాట మాత్రమే కాదని గమనించాలి. మూసిన డబ్బాల అమ్మకంపై చైనా ప్రభుత్వ మార్కెట్ నియంత్రణ శాఖ 2023లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు అమ్మకూడదని, ఏ రకం ఎంత అరుదో కొనేవారికి ముందే తెలపాలని వాటిలో ఉంది.

దీనికి సులువైన దారి కూడా ఉంది. బొమ్మ నచ్చితే, ఏ రకమో కళ్లతో చూసి, ధర తెలిసి కొనండి. హాట్ వీల్స్ కారు పారదర్శకమైన ప్యాకెట్టులో కనిపిస్తుంది కనుక దానికి ఈ ఇబ్బంది లేదు.

ఎంతలో: ఇస్రాఫ్, తబ్జీర్

రెండో ప్రశ్న, ఎంతలో. ధర్మసమ్మతమైన దానిలోనే హద్దు దాటడం 'ఇస్రాఫ్'. తగని చోట డబ్బు పారబోయడం 'తబ్జీర్'. ఉలమాలు సాధారణంగా చెప్పే తేడా ఇదే. బనీ ఇస్రాయీల్ సూరా 26, 27 ఆయతులను చదివేటప్పుడు మనం తబ్జీర్ చేసేవారికి షైతానుతో చెప్పిన చుట్టరికం దగ్గరే ఆగిపోతాం. దానికి ముందున్న మాటను మరచిపోతాం. బంధువులకు, నిరుపేదలకు, బాటసారులకు వారి హక్కు ఇవ్వమన్నాకే దుబారా మాట వస్తుంది. అంటే హక్కుదారుల వాటా తీశాక మిగిలిన దానిలోనే మన సరదా. అల్ ఫుర్ఖాన్ సూరా 67వ ఆయతు దుబారాకు, పిసినారితనానికి మధ్య నిలిచేవారిని మెచ్చుకుంటుంది.

హద్దు అందరికీ ఒకటే కాదు. అప్పు లేని, జకాత్ చెల్లించే, తల్లిదండ్రులను చూసుకునే వ్యక్తి నెలకు ఒక కారు బొమ్మ కొంటే అది ముచ్చట. క్రెడిట్ కార్డు బాకీని వాయిదాల్లోకి మార్చి, దాని మీద వడ్డీ కడుతూ బొమ్మ కొంటే, ఆ బొమ్మ ఎంత చిన్నదైనా భారమే. వడ్డీ హరామ్ అన్న సంగతి బొమ్మ ధరను బట్టి మారదు.

ఎందుకు: తకాసుర్

మూడో ప్రశ్న, ఎందుకు. అత్ తకాసుర్ సూరా గురించి మనందరికీ తెలుసు. ఒకరిని మించి ఒకరు కూడబెట్టాలనే పోటీ మనిషిని సమాధి దాకా ఏమార్చుతుందని అది హెచ్చరిస్తుంది. అల్ హుమజ సూరాలో సంపద పోగేసి మాటిమాటికీ లెక్కపెట్టుకునే మనిషి కనిపిస్తాడు. సేకరణలో ఉన్న ప్రమాదం ఇక్కడే. ఒక బొమ్మ నచ్చి కొనడం వేరు. వరుసలో ఒకటి తక్కువైందని నిద్రపట్టకపోవడం వేరు. కంపెనీలకు ఈ బలహీనత బాగా తెలుసు. అందుకే వరుసలు, సంఖ్యలు, 'పరిమిత ముద్రణ' అనే మాటలు. తృప్తిని దూరం జరుపుతూ పోవడమే ఆ వ్యాపార రహస్యం.

అయితే ఇది బొమ్మలకే పరిమితమా? పెళ్లిళ్లకు కొని కట్టని చీరలు, అల్మారాలో అత్తరు సీసాలు, ఏటా మార్చే ఫోన్లు, నా టీ సెట్లు. వీటన్నిటిదీ అదే జబ్బు. కుర్రవాళ్ల బొమ్మ కనబడినంత స్పష్టంగా మన షోకేసు మనకు కనబడదు, అంతే.

'ఇది పెట్టుబడి' అంటే జకాత్ ఏదీ?

చాలామంది యువకులు చెప్పే సమాధానం: "ఇది ఖర్చు కాదు, పెట్టుబడి. రేపు ఎక్కువకు అమ్ముతాను." ఈ మాటకు రెండు జవాబులున్నాయి.

మొదటిది లోకానుభవం. 1993లో టై అనే అమెరికా కంపెనీ బీనీ బేబీస్ అనే చిన్న గుడ్డ బొమ్మలను తెచ్చింది. వాటి ధరలు పెరుగుతూనే ఉంటాయని నమ్మి లక్షలాది మంది కొన్నారు. 1999లో లాస్ వేగాస్‌లో విడాకులు తీసుకుంటున్న దంపతులు కోర్టు గదిలో నేల మీద కూర్చుని ఆ బొమ్మలను ఒక్కొక్కటిగా పంచుకున్న ఫోటో లోకమంతా చూసింది. ఆ తర్వాత కొద్ది కాలానికే ధరలు పడిపోయాయి. బొమ్మలు మిగిలాయి, డబ్బు మిగలలేదు.

రెండోది ధర్మం. సొంత వినోదానికి కొన్న వస్తువు మీద జకాత్ లేదు. కానీ తిరిగి అమ్మి లాభం పొందాలనే సంకల్పంతో కొన్న వస్తువు వ్యాపార సరుకు. అధిక సంఖ్యాక ఫిఖహ్ పండితుల ప్రకారం దాని మీద జకాత్ ఉంది. కొన్న ధర కాక, జకాత్ లెక్క వేసే రోజున ఉన్న మార్కెట్ ధర తీసుకోవాలి. మిగతా నగదు, బంగారం, వెండితో కలిపి నిసాబ్‌కు చేరి, చాంద్రమాన సంవత్సరం పూర్తయితే 2.5 శాతం. నిసాబ్ అంటే 87.48 గ్రాముల బంగారం లేదా 612.36 గ్రాముల వెండి విలువ. ఉదాహరణకు, అమ్మకం కోసం కొని ఉంచిన బొమ్మల విలువ 1,60,000 రూపాయలైతే వాటిపై జకాత్ 4,000 రూపాయలు. సొంతానికి కొని, తర్వాత అమ్మాలనుకుంటే? హనఫీ ఫిఖహ్ ప్రకారం కొన్నప్పటి సంకల్పమే ప్రధానం. అమ్మాక వచ్చిన డబ్బు అప్పుడు మిగతా సొమ్ములో కలుస్తుంది. సందేహముంటే మీకు తెలిసిన ముఫ్తీ సాహెబ్‌ను అడగండి.

ఈ ప్రశ్న మా అబ్బాయిని అడిగాను. "అమ్మకానికా, ఆటకా? ఏదో ఒకటి చెప్పు. భార్య అడిగితే పెట్టుబడి, జకాత్ లెక్కకు వస్తే ఆటవస్తువు, ఇలా రెండు నాల్కలు కుదరవు." వాడు కాసేపు ఆలోచించాడు. గోడ మీదవి తనకోసమని, అటక మీద పెట్టెలోవి అమ్మడానికని చెప్పాడు. ఆ పెట్టె సంగతి నాకు అప్పుడే తెలిసింది! ఆ పెట్టె మీద జకాత్ లెక్క వేశాడు.

అమ్మకంలో నిజాయితీ

అమ్మేవారు పాటించవలసిన హద్దులు కూడా ఉన్నాయి. కొనే ఉద్దేశం లేకుండా స్నేహితులతో వేలం పాట పెంచడాన్ని 'నజష్' అంటారు. దైవప్రవక్త (సఅసం) దాన్ని వారించారు. నకిలీ బొమ్మను అసలుదని అమ్మడం మోసం. బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి, లోపలి తడిని దాచిన వర్తకుణ్ణి ఆయన మందలించిన సంగతి మనం పిల్లలకు పాఠంగా చెబుతాం. తన చేతికి రాని సరుకును అమ్మవద్దని హకీం బిన్ హిజామ్ (రజి)కు చెప్పారు. ఇంకా కంపెనీయే పంపని బొమ్మకు అడ్వాన్సులు వసూలు చేసేవారు ఈ హదీసును గుర్తుంచుకోవాలి. 'సలమ్' ఒప్పందానికి అనుమతి ఉంది గానీ, సరుకు వివరం, గడువు స్పష్టంగా ఉండాలి, పూర్తి ధర ముందే చెల్లించాలి.

దుకాణంలోని కార్లన్నీ ఒక్కడే ఎత్తుకుపోయి మూడింతలకు అమ్మడం సంగతేమిటి? ఫిఖహ్‌లో 'ఇహ్తికార్', అంటే దాచిపెట్టి ధర పెంచడమనే నేరాన్ని ఎక్కువమంది పండితులు ఆహారం, నిత్యావసరాల విషయంలో చెప్పారు. బొమ్మను ఆ కోవలో కలపలేం. కానీ తండ్రి చెయ్యి పట్టుకుని వచ్చిన పిల్లవాడు ఖాళీ కొక్కేలు చూసి వెనుదిరిగితే, అది మంచి నడవడి అనిపించుకోదు.

ప్రాణుల రూపాల విషయం కూడా మరువకూడదు. పిల్లల బొమ్మలకు హజ్రత్ ఆయిషా (రజి) హదీసు ఆధారంగా ఎక్కువమంది పండితులు సడలింపు ఇచ్చారు. పెద్దలు ప్రదర్శన కోసం ఇంట్లో నిలబెట్టుకునే మనుషుల, జంతువుల ప్రతిమల విషయంలో అభ్యంతరం బలంగా ఉంది. కార్లు, ఇళ్లు, ఓడలు, చెట్లకు ఈ చర్చ వర్తించదు.

కొనాలనిపిస్తే మన దగ్గరివి చూడండి. తెల్లపొణికి కర్రతో చేసే కొండపల్లి ఎడ్లబండి, అంకుడు కర్రకు లక్క రంగులద్దిన ఏటికొప్పాక బొంగరాలు, నిర్మల్ కొయ్యబొమ్మలు, ఎన్నో ముస్లిం కుటుంబాలు చేసే కర్ణాటక చన్నపట్న బొమ్మలు. ఇక్కడ కట్టిన రూపాయి ఒక పనివాడి పొయ్యి వెలిగిస్తుంది. పిల్లల చేతికిచ్చే ఫ్యాక్టరీ బొమ్మ ఏదైనా దాని మీద ఐఎస్ఐ గుర్తు చూడండి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో, కొన్ని మినహాయింపులు తప్ప, పిల్లల బొమ్మలకు ఆ గుర్తు తప్పనిసరి.

ఇంట్లో చర్చకు ఐదు ప్రశ్నలు

పాఠం చివర అభ్యాసం లేకపోతే టీచరుకు తృప్తి ఉండదు. కుటుంబమంతా కూర్చుని ఈ ప్రశ్నలు వేసుకోండి. పెద్దలే ముందు జవాబు చెప్పాలి.

1. ఈ వస్తువు ఏమిటో, ఎంతో పూర్తిగా తెలిసే కొంటున్నానా?
2. అప్పులు, జకాత్, ఇంటివారి హక్కులు తీరాకే కొంటున్నానా?
3. ఇది ఎవరికీ చూపించే వీలు లేకపోయినా కొనేవాడినా?
4. ఏడాదిలో దీన్ని ఎన్నిసార్లు చేత్తో పట్టుకున్నాను?
5. సంపద ఎలా వచ్చింది, ఎందులో ఖర్చయింది అని తీర్పుదినాన అడుగుతారని తిర్మిజీ హదీసులో ఉంది. ఈ వస్తువు పద్దు వచ్చినప్పుడు నేను చెప్పే జవాబు ఏమిటి?

నాలుగో ప్రశ్న దగ్గర నేను ఓడిపోయాను. మా అబ్బాయి కనీసం నెలకోసారైనా తన కార్లు దించి తుడుచుకుంటాడు.

ప్రియమైనదే ఇవ్వాలి

ఆలి ఇమ్రాన్ సూరా 92వ ఆయతు అవతరించినప్పుడు హజ్రత్ అబూతల్హా (రజి) తనకు అన్నిటికంటే ఇష్టమైన బైరుహా తోటను దానమిచ్చారు. మనకు అక్కర్లేనిది ఇవ్వడం ఇల్లు సర్దుకోవడమే. మనసు లాగేదాన్ని ఇచ్చినప్పుడే అది మనలో ఏదో మారుస్తుంది.

ఆ రమజాన్‌లో మా ఇంట్లో ఒక ఒప్పందం చేసుకున్నాం. సరదా వస్తువుకు ఎంత ఖర్చు చేస్తే అంత మొత్తం అదే నెలలో ఫీజు సాయానికి పక్కన పెట్టాలి. జకాత్ వేరు, ఇది వేరు. ఈ లెక్కన ప్రతి సరదా ధర రెట్టింపు అవుతుంది కనుక కొనేముందు రెండుసార్లు ఆలోచిస్తాం. మా అబ్బాయి మూసిన డబ్బాలు మానేశాడు, కార్లు మానలేదు. మానమని నేనూ చెప్పలేదు. నేను రెండు టీ సెట్లు, ఒక డిన్నర్ సెట్టు ఈ మధ్య పెళ్లయిన ఇద్దరు పేదింటి ఆడపిల్లలకు ఇచ్చాను. మిగిలిన వాటిలో ఇప్పుడు రోజూ టీ తాగుతున్నాం. ఒక కప్పు ఇప్పటికే పగిలింది. పోతే పోనీ, కప్పు ఉన్నది వాడటానికే.

ఈద్ తర్వాత వాడు గోడ మీద నుంచి పన్నెండు కార్లు తీసి మా వీధి అంగన్‌వాడీకి తెచ్చాడు. వాటిలో తనకు బాగా ఇష్టమైన ఎర్ర కారు కూడా ఉంది. ప్యాకెట్టు చింపేటప్పుడు వాడి చేయి ఒక క్షణం ఆగింది. తర్వాత చింపి ఒక పాప చేతిలో పెట్టాడు. ఆ పాప దాన్ని నేల మీద పెట్టి ఒక్క తోపు తోసింది. ఆరేళ్లుగా గోడకు వేలాడిన కారు మొదటిసారి పరుగెత్తింది.

ముగ్గురు పిల్లలకు డబ్బు చాలదన్నాను కదా. వారిలో ఒకరికి మా ఇంటి ఒప్పందంతో సర్దుబాటు అయింది. ఇంకా ఇద్దరున్నారు. ఈ సంచిక చదువుతున్న మీ ఇళ్లలోనూ అద్దాల బీరువాలు ఉండే ఉంటాయి. ఒక్కసారి తలుపు తీసి చూడండి. మన సంపాదనలోనూ, ఖర్చులోనూ అల్లాహ్ శుభం ప్రసాదించుగాక. ఆమీన్.